కారణం తెలియని పగటి మగత, నీరసం: విడదీసి చూడడం, వెతకడం, నెట్టుకురావడం

డాక్టరు ఎదుట కూర్చోగానే మనలో చాలామంది చెప్పే మాట "నీరసంగా ఉంటోందండీ" అన్నదే. కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడడం, నాలుగు మెట్లెక్కితే కాళ్ళు పీక్కుపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, పొద్దున లేచేసరికే ఒళ్ళంతా బరువుగా ఉండడం అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. వెనక ఇరవై మంది రోగులు ఎదురుచూస్తుండగా వాటిని విడదీసి అడిగే తీరిక లేని డాక్టరు ఒక రక్తపరీక్ష, ఒక బలం మాత్ర రాసి పంపుతారు. ఏళ్ళ తరబడి కారణం దొరకలేదనుకునే మగత చాలాసార్లు ఈ మొదటి మెట్టు మీద, అంటే మాట దగ్గరే, దారి తప్పి ఉంటుంది.

నిజానికి ఈ అవస్థలకు తెలుగులో మాటల కొదవ లేదు. మగత, మత్తు, తూగు, కునికిపాట్లు ఒక కోవకు చెందినవి. నీరసం, నిస్సత్తువ, బడలిక, అలుపు మరొక కోవకు చెందినవి. మొదటి కోవలో మెదడు నిద్రను అడుగుతుంది. రెండో కోవలో పనిచేసే సత్తువ ఉండదు, అయినా పడుకుంటే నిద్ర రాదు. మీది ఏ కోవో తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. పొద్దున పదకొండు గంటలకు, అంటే సహజంగా కునుకు రాని వేళలో, ఫోను పక్కగదిలో పెట్టి చీకటిగా, చల్లగా ఉన్న గదిలో ఇరవై నిమిషాలు పడుకోండి. రెండు మూడు రోజులు అలా పడుకున్న ప్రతిసారీ పది నిమిషాల లోపే నిద్ర పట్టేస్తే మీ బాధలో మగతది పెద్ద పాలు. ఒళ్ళు విశ్రాంతిగా అనిపించినా నిద్ర దగ్గరికి రాకపోతే అలసటది పెద్ద పాలు. రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు, కాని ఏది ముందు మొదలైందో, ఏది ఎక్కువ బాధిస్తోందో చెప్పగలిగితే వెతకవలసిన చోట్లు సగానికి తగ్గుతాయి.

మగతను అంకెల్లో పెట్టడానికి నిద్ర వైద్యులు వాడే పట్టికను ఎప్‌వర్త్ స్కేలు అంటారు. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో పనిచేసిన మరీ జాన్స్ అనే వైద్యుడు దీన్ని 1991లో ప్రచురించారు. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలోనో సినిమాహాల్లోనో కదలకుండా కూర్చున్నప్పుడు, కారులో గంటసేపు ప్రయాణికులుగా వెళ్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుము వాల్చినప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, భోజనం తరవాత ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు, ఈ ఎనిమిది సందర్భాల్లో మీకు కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో 10 దాటితే దాన్ని మామూలు మగతగా తీసుకోకూడదు. ఎనిమిదిటికీ మార్కులు సమానమే అయినా, మాట్లాడుతూ మాట్లాడుతూ తూగడమూ ఆగిన బండిలో కళ్ళు మూతపడడమూ తక్కినవాటికన్నా బరువైనవని నా అభిప్రాయం. మొత్తం ఎనిమిదే వచ్చినా ఈ రెండింటిలో మార్కులు పడితే ఊరుకోవద్దు.

ఆలస్యం చేయకూడనివి

నిదానంగా వెతకవచ్చునన్న ఈ వ్యాసంలోని సలహా వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం, గుండెల్లో పట్టేసినట్టుండడం, కాళ్ళ వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, తారులాంటి నల్లని విరేచనం, నెలసరిలో విపరీతమైన రక్తస్రావం, అతిదాహంతో పాటు పదేపదే మూత్రం, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, వీటిలో ఏ ఒక్కటి నీరసంతో కలిసి వచ్చినా అదే వారం డాక్టరును కలవాలి. క్షయకు పరీక్షలూ మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే వారం కూడా ఆగకూడదు. టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండు వారాల నోటుపుస్తకం

పరీక్షలకు డబ్బు పెట్టే ముందు రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రోజుకు నాలుగు పంక్తులు రాసుకోండి. పడక ఎక్కిన సమయం, సుమారుగా నిద్ర పట్టిన సమయం, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు, పగలు ఎప్పుడు ఎంతసేపు కునుకు తీశారు, టీ కాఫీలు ఏ వేళకు తాగారు, మగత ఏ గంటలో ఎక్కువగా ఉంది, నెలసరి తేదీలు, ఇంతే చాలు. చేతిగడియారాలూ ఫోను యాప్‌లూ నిద్ర మొత్తాన్ని ఫరవాలేదనిపించేలా చెబుతాయి గాని, గాఢనిద్ర ఇంత శాతమని అవి చూపే రంగుల పట్టీలను పట్టుకుని బెంగపడడం దండగ.

ఈ పుస్తకం మొదట బయటపెట్టేది నిద్ర లెక్క. పెద్దవారికి క్రమం తప్పకుండా రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య సంఘాలు 2015లో ఉమ్మడిగా తేల్చి చెప్పాయి. కొందరికి ఎనిమిదిన్నర, తొమ్మిది కూడా అవసరమవుతుంది. మన ఇళ్ళలో గృహిణి లెక్క చూడండి. పిల్లల బాక్సుల కోసం, మంచినీళ్ళ కొళాయి కోసం నాలుగున్నరకో ఐదుకో లేస్తుంది. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు సర్ది, కాస్త తనకంటూ మిగిలిన సమయంలో సీరియలో ఫోనో చూసి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. ఐదున్నర గంటల నిద్రతో ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆ మనిషికి వంద రకాల రక్తపరీక్షలు చేసినా కారణం దొరకదు, ఎందుకంటే అది రక్తంలో ఉండదు. అందుకే మొదటి వైద్యం ఒక ప్రయోగం: రెండు వారాలు వరసగా ఇప్పటికంటే గంటన్నర ఎక్కువ నిద్రకు కేటాయించండి. మొదటి మూడు నాలుగు రోజులు పాత బాకీ తీరుతూ మగత పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. రెండో వారం చివరికి పగలు తేలికపడితే కారణం దొరికినట్టే. ఆ గంటన్నర ఎక్కడినుంచి వస్తుందన్నది మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని తేల్చవలసిన విషయం, ఆమె ఒక్కతే తేల్చుకోగలిగింది కాదు.

ఎనిమిది గంటలు పడుకుంటున్నా వేళలు తలకిందులైతే ఫలితం అంతే. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసేవారు తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు చేరి, శని ఆదివారాలు కుటుంబం కోసం పగటి మనుషులుగా మారి, సోమవారం మళ్ళీ రాత్రికి తిరిగిపోతారు. ప్రతి వారం ఒక విమాన ప్రయాణం చేసినట్టే శరీరం తిప్పలు పడుతుంది. దానికి తోడు మార్చిలోనూ నవంబరులోనూ అక్కడి గడియారాలు మారినప్పుడు ఇక్కడి షిఫ్టు ఒక గంట జరుగుతుంది. ఇలాంటివారు సెలవు రోజుల్లో కూడా పూర్తిగా పగటి మనిషిగా మారకుండా, ఉదయం నాలుగు నుంచి ఎనిమిది వరకైనా నిద్రను కదపకుండా ఉంచుకుని తక్కినదాన్ని అటూ ఇటూ సర్దుకుంటే మేలు. రాత్రి రెండైనా నిద్ర రాని, సెలవుల్లో రెండు నుంచి పది వరకు హాయిగా పడుకుని లేస్తే ఏ మగతా లేని కుర్రవాళ్ళది మరొక సంగతి. వారి లోపలి గడియారమే ఆలస్యంగా నడుస్తోంది. బద్ధకమని తిట్టి దాన్ని ముందుకు జరపలేము. లేవగానే అరగంట ఆరుబయటి వెలుతురు, రాత్రి మసక దీపాలు, లేచే వేళను రోజుకు పదిహేను నిమిషాల చొప్పున ముందుకు తేవడం, ఈ మూడూ కలిస్తే నెమ్మదిగా జరుగుతుంది.

మందుల డబ్బా, గురక

ఇంట్లో మందులు పెట్టుకునే డబ్బాను ఒకసారి బల్ల మీద కుమ్మరించి చూడండి. తుమ్ములకు వేసుకునే సెట్రిజిన్, జలుబు మాత్రల్లో కలిసి ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నరాల తిమ్మిర్లకు ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, తలనొప్పి రాకుండా ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రొప్రనలాల్, నిద్రకోసమో ఆందోళనకోసమో ఒకప్పుడు మొదలుపెట్టి ఆపడం మరచిన క్లోనజిపామ్, అల్‌ప్రజోలామ్, నొప్పికి వాడే ట్రమడాల్, ఇవన్నీ మగతను గాని అలసటను గాని తెచ్చేవే. వీటిని మీ అంతట మీరు ఆపవద్దు. ముఖ్యంగా క్లోనజిపామ్, అల్‌ప్రజోలామ్ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు. జాబితా రాసుకెళ్ళి, వీటిలో దేన్ని తగ్గించవచ్చో, దేన్ని రాత్రి పూటకు మార్చవచ్చో అడగాలి. ఏమిటో పేరు తెలియని "బలం మాత్రలు" ఎవరైనా పొట్లం కట్టి ఇస్తుంటే వాటినీ తీసుకువెళ్ళి చూపించండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ ఉంటే వేసుకున్నన్నాళ్ళూ హుషారుగా ఉంటుంది, నెలల తరవాత ఆపిన వెంటనే లేవలేనంత నిస్సత్తువ వస్తుంది. రాత్రి మద్యం తాగితే నిద్ర తొందరగా పడుతుంది గాని తెల్లవారుజాము నిద్ర చెడిపోతుంది. మరునాటి మగతకు అదొక్కటే కారణమైన ఇళ్ళు తక్కువేమీ కాదు.

గురక విషయం పక్కన పడుకునేవారిని అడగాలి, పెట్టేవారిని అడిగితే ఎప్పుడూ "అబ్బే, లేదు" అనే జవాబే వస్తుంది. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు నిశ్శబ్దం, ఆ తరవాత గుటుక్కుమన్నట్టో ఉలిక్కిపడ్డట్టో మళ్ళీ ఊపిరి అందుకోవడం ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బును, అంటే స్లీప్ ఆప్నియాను అనుమానించాలి. లేచేసరికి తలనొప్పి, నోరెండిపోవడం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, మందులకు లొంగని బీపీ, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత ఆ అనుమానాన్ని బలపరుస్తాయి. లావుగా ఉన్నవారికే వస్తుందన్నది పొరపాటు. దక్షిణాసియా వారిలో అంత లావు లేకున్నా వస్తుంది, చిన్న దవడ ఉన్న సన్నటివారిలోనూ కనిపిస్తుంది. స్త్రీలలో గురక కన్నా అలసట, నిద్రపట్టకపోవడమే పైకి కనిపించి, డిప్రెషన్ అనో మెనోపాజ్ అనో పేరు పడి అసలు జబ్బు మరుగున పడుతుంది. రాత్రి నిద్రలో చేసే పరీక్షలో గంటకు ఎన్నిసార్లు శ్వాస పది సెకన్లకు మించి ఆగుతోందో, బాగా తగ్గుతోందో లెక్కిస్తారు: ఐదు దాటితే జబ్బు మొదలైనట్టు, పదిహేను దాటితే మధ్యరకం, ముప్పై దాటితే తీవ్రం. రాత్రి మాస్కు ద్వారా గాలి ఒత్తిడి నిచ్చే సీపాప్ యంత్రాన్ని సిడ్నీలో కాలిన్ సలివన్ 1981లో ప్రవేశపెట్టారు, ఇప్పటికీ దానికి దీటైన చికిత్స లేదు. మాస్కు అలవాటు కావడానికి ఒక నెల పడుతుంది. మూడు రోజులకే అటక మీద పెట్టేసి "నాకు పడలేదు" అనేవారిలో చాలామందికి మాస్కు కొలత మారిస్తే సరిపోయేది.

రక్తపరీక్షలు: ఏవి, ఎందుకు

సగం ధరకు డెబ్బై పరీక్షలంటూ వచ్చే ప్యాకేజీల కన్నా, అడిగి చేయించుకున్న ఎనిమిది పరీక్షలు ఎక్కువ చెబుతాయి. రక్తకణాల లెక్కతో కూడిన సీబీపీ, ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్, థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, మూడు నెలల షుగర్ సగటు, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్, లివర్ పరీక్ష, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్ మొదటి విడతకు చాలు. ఎండ మొహం చూడని ఉద్యోగమైతే విటమిన్ డీ కూడా చేర్చవచ్చు.

వీటిలో ఫెరిటిన్ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అడగకపోతే ఎవరూ రాయరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇది హిమోగ్లోబిన్ తగ్గినవారి లెక్క మాత్రమే. శరీరం ముందు తన ఇనుము నిల్వలను ఖాళీ చేసి, ఆ తరవాతే హిమోగ్లోబిన్‌ను తగ్గనిస్తుంది. ఆ మధ్యకాలంలో హిమోగ్లోబిన్ 12 పైన "నార్మల్"గా కనిపిస్తుండగానే మనిషి వాడిపోతుంది, జుట్టు రాలుతుంది, రాత్రి కాళ్ళు లాగుతున్నట్టయి నిద్ర పట్టదు. ఫెరిటిన్ 15 కన్నా తక్కువైతే నిల్వలు అయిపోయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; 30 లోపు ఉన్నా చాలామంది వైద్యులు చికిత్స చేస్తారు; కాళ్ళు లాగే బాధ ఉంటే 75 వరకు పెంచాలని చూస్తారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఈ అంకె దొంగగా పెరుగుతుంది కాబట్టి జ్వరంలో చేయించిన ఫెరిటిన్‌ను నమ్మకూడదు.

ఐరన్ మాత్ర వేసుకున్నాక టీ తాగితే మాత్రలోని ఇనుము చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది. టీకీ కాఫీకీ మాత్రకీ కనీసం గంట, రెండు గంటల ఎడం ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. కడుపులో తిప్పుతుంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి, అలా వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టే తీరు కొంత మెరుగని కూడా పరిశోధనల్లో తేలింది. హిమోగ్లోబిన్ సరైపోయాక కూడా నిల్వలు నిండడానికి మరో రెండు మూడు నెలలు మాత్రలు అవసరం. తోటకూర, మునగాకు, రాగులు, పల్లీలు బెల్లం తినండి, తప్పులేదు, కాని ఖాళీ అయిన నిల్వలు ఆకుకూరతోనే నిండుతాయని ఏడాది గడపవద్దు. మగవారిలోనూ నెలసరి ఆగిన స్త్రీలలోనూ ఇనుము తగ్గితే మాత్ర రాసి ఊరుకోకుండా, కడుపులోనో పేగుల్లోనో ఎక్కడ రక్తం పోతోందో వెతకాలి.

థైరాయిడ్ విషయంలో టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా, అంటే ఐదో ఆరో ఉన్నంత మాత్రాన మీ మగతంతా దాని మీదకు నెట్టకండి. అంత స్వల్ప తేడాకు మాత్ర వాడినా అలసట తగ్గనివారే ఎక్కువ. బీ12 శాకాహారుల్లోనూ, షుగరుకు మెట్‌ఫార్మిన్‌ను, గ్యాసుకు పాంటప్రజోల్ లాంటివాటిని ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ తగ్గుతుంది. విటమిన్ డీకి వారానికి 60,000 యూనిట్ల పొడి ఎనిమిది వారాలు రాస్తే, దాన్ని మూడేళ్ళు వేసుకుంటూ పోయినవారున్నారు. అతిగా పోగుపడితే రక్తంలో కాల్షియం పెరిగి, ఏ నీరసం కోసం మొదలుపెట్టారో ఆ నీరసమే దానివల్ల మళ్ళీ వస్తుంది.

ఇక పల్లెల్లోనూ పట్నాల్లోనూ నడిచే సెలైన్ వైద్యం. అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే ఒక అరటిపండు ఇచ్చేంత బలం కూడా లేదు. మంచం మీద గంటసేపు ఎవరూ పలకరించకుండా పడుకోవడం వల్ల వచ్చిన హాయిని మనం ఆ సీసా ఖాతాలో రాస్తున్నాం.

మనసు సంగతి కూడా ఈ విడతలోనే చూడాలి. ఇష్టమైన పనిలోనూ ఉత్సాహం లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, తనమీద తనకే చికాకు రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషన్ కావచ్చు. మన దగ్గర అది ఏడుపుగా కన్నా ఒళ్ళునొప్పులుగా, నీరసంగానే ఎక్కువ బయటపడుతుంది. ఆ మాట డాక్టరు అంటే "నా బాధ అబద్ధమంటున్నారు" అని నొచ్చుకోవలసిన పని లేదు; థైరాయిడ్‌కు వైద్యమున్నట్టే దీనికీ ఉంది.

రిపోర్టులన్నీ నార్మల్ అన్నాక

నార్మల్ అన్న మాటకు అర్థం ఆ ఎనిమిది పరీక్షలు పట్టుకోగల జబ్బులు లేవని. మీ ఎప్‌వర్త్ మార్కులు పదిహేను దగ్గర ఉండి, నిద్ర లెక్క సరిగా ఉండి, మందులూ గురకా కారణం కావనిపిస్తే తరవాతి మెట్టు నిద్ర వైద్యుడు. నగరాల్లో పల్మనాలజీ, న్యూరాలజీ విభాగాల్లో ఈ పని చేసేవారు దొరుకుతారు. మగతే ప్రధానమైతే రాత్రి పరీక్ష ఒక్కటే సరిపోదు, మరునాడు పగలు చేసే ఎంఎస్ఎల్‌టీ కూడా కావాలి. రెండు గంటలకొకసారి చొప్పున ఐదు విడతలు మిమ్మల్ని పడుకోబెట్టి ఎన్ని నిమిషాల్లో నిద్ర పడుతుందో, ఆ నిద్రలో కలల దశ వెంటనే వస్తుందో లేదో చూస్తారు. సగటున ఎనిమిది నిమిషాల లోపు నిద్రపట్టి, రెండు విడతల్లో కలల దశ కనిపిస్తే అది నార్కోలెప్సీ వైపు చూపుతుంది. ముందు రెండు వారాలు సరిపడా నిద్రపోయి, ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళకపోతే ఈ పరీక్షకు అర్థమే ఉండదు. డిప్రెషన్ మందులు కొన్ని ఫలితాన్ని మారుస్తాయి కాబట్టి ఎన్నాళ్ళు ముందు ఆపాలో ముందే అడగాలి.

నార్కోలెప్సీలో పదిహేను నిమిషాల కునుకు మనిషిని తేటపరుస్తుంది, రెండు గంటలకు మళ్ళీ ముంచుకొస్తుంది. పగలబడి నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోవడం, దవడ జారిపోవడం దీని ప్రత్యేక గుర్తు. నిద్ర అంచున కాలూ చెయ్యీ కదలక, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు అనిపించడాన్ని మన ఊళ్ళలో దయ్యం పట్టిందనేవారు. అది ఈ జబ్బు లేనివారికీ అప్పుడప్పుడూ వస్తుంది, దీనిలో తరచుగా వస్తుంది. మనల్ని మెలకువగా ఉంచే ఓరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించడమే దీనికి మూలమని 2000లో తేలింది. సాధారణంగా పదో తరగతి, ఇంటర్ వయసులో మొదలవుతుంది కాబట్టి, చదువు మీద శ్రద్ధ లేదన్న నింద మోసిన తరవాత ఏళ్ళకు గాని పేరు తెలియదు.

ఇక నిజంగానే "కారణం తెలియని" అన్న ముద్రతో ఉన్న జబ్బు ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా. రోజుకు పదకొండు గంటలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుకున్నా తీరని నిద్ర, రెండు గంటల పగటి నిద్ర తరవాత కూడా మరింత మొద్దుబారడం, మూడు అలారాలు మోగినా లేవలేక, లేపినవారితో ఏదో మాట్లాడి ఆ సంగతి గుర్తులేకపోవడం దీని లక్షణాలు. మోడాఫినిల్ లాంటి మందులు డాక్టరు పర్యవేక్షణలో మగతను తగ్గిస్తాయి. అది గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుందన్న సంగతి స్త్రీలకు ముందే చెప్పాలి. పోటీ పరీక్షల కోసం స్నేహితుడి దగ్గర తీసుకుని మింగవలసిన మందు కాదది.

మగత కాక అలసట ప్రధానమైనవారిది వేరే దారి. డెంగీ, చికెన్‌గున్యా, కోవిడ్ తరవాత వారాల పాటు ఉండే నిస్సత్తువ చాలామందిలో తనంతట తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గక, కొద్దిపాటి శ్రమ చేసిన మరునాడో ఆ మరునాడో మంచం పట్టేంతగా కూలబడుతుంటే దాన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కోవలో చూడాలి. ఇలాంటివారిని "రోజూ ఇంకాస్త ఎక్కువ నడువు, అదే పోతుంది" అని నెట్టడం హానికరం కావచ్చు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2021లో తన మార్గదర్శకాల నుంచి వ్యాయామాన్ని మెట్లు మెట్లుగా పెంచే చికిత్సను తొలగించింది.

తేలేదాకా రోజు గడిపే పద్ధతి

లేచే వేళను పట్టుకోండి, పడుకునే వేళ దాని వెంట వస్తుంది. సెలవు రోజైనా గంటకు మించి తేడా రాకూడదు. లేచిన అరగంటలో డాబా మీదో వీధిలోనో ఆరుబయట వెలుగులో తిరగండి. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు ఇంట్లోని ట్యూబులైటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కునుకు రావడం అన్నం తప్పు మాత్రమే కాదు, తినకపోయినా ఆ వేళకు శరీరం కాస్త దిగుతుంది. అయితే పళ్ళెం నిండా అన్నం, పప్పు, పెరుగన్నం ఆ పల్లాన్ని లోయ చేస్తాయి. అన్నాన్ని సగానికి తగ్గించి కూర, పప్పు పెంచి, తిన్నాక పది నిమిషాలు నడిచి చూడండి. మధ్యాహ్నం మూడింటి లోపు ఇరవై నిమిషాల కునుకు మంచిదే. అలారం పెట్టుకోండి, గంట దాటితే లేవడమే కష్టమవుతుంది. కునుకుకు ముందు ఒక చిన్న కప్పు కాఫీ తాగితే అది పనిచేయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి లేచేసరికి అందుకుంటుంది. కడుపులో పడిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి పడుకునేవారికి మధ్యాహ్నం రెండు తరవాతి టీ అప్పు తెచ్చుకున్నట్టే. ఇడియోపతిక్ హైపర్‌సోమ్నియా ఉన్నవారికి మాత్రం కునుకు మేలు చేయదు, వారు ఆ వేళలో నిలబడి చేసే పనులు పెట్టుకోవడం నయం.

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నిద్ర గురించి పుస్తకాలు చెప్పే చల్లని గది అందరికీ కుదిరేది కాదు. పడుకోబోయే ముందు గోరువెచ్చని స్నానం, కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తెర, దోమతెర కట్టిన డాబా పడక ఇప్పటికీ పనిచేస్తాయి.

అలసట ప్రధానమైతే రోజును నెల జీతంలా ఖర్చు పెట్టాలి. నోటుపుస్తకం చూసి, మరునాడు కూలబడకుండా చేయగలిగిన పని ఎంతో గుర్తించి, బాగున్న రోజున కూడా దాని గీత దాటకుండా ఉండడం అన్నిటికన్నా కష్టమైన క్రమశిక్షణ. బాగుందని ఆదివారం మూడు రోజుల పని చేసి సోమ, మంగళ, బుధవారాలు పడుకోవడం కన్నా, ప్రతి రోజూ కాస్త పని మిగిల్చి పడుకోవడం మేలు. కూర్చుని కూరలు తరగడం, స్నానానికి స్టూలు వేసుకోవడం, పెళ్ళిళ్ళకు వెళ్ళినా భోజనం కాగానే బయలుదేరడం సిగ్గుపడవలసిన విషయాలు కావు. శ్రమ తరవాత కూలబడే లక్షణం లేనివారికి మాత్రం రోజూ అరగంట నడక నిజంగానే సత్తువ పెంచుతుంది.

బండి, ఉద్యోగం, ఇల్లు

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. అంటే తాగకపోయినా, ఉదయం ఐదింటికి లేచి రాత్రి పదింటికి హైవే ఎక్కినవారు ఆ హద్దు దాటినట్టే. అద్దం దించడం, పాటలు పెద్దగా పెట్టడం, మొహాన నీళ్ళు కొట్టుకోవడం కొద్ది నిమిషాలకు మించి నిలవవు. ఆవులింత మీద ఆవులింత వస్తున్నా, దాటొచ్చిన ఊరు గుర్తులేకపోయినా బండి పక్కకు ఆపి కాఫీ తాగి ఇరవై నిమిషాలు పడుకోవాలి. కారణం తేలని మగత ఉన్నవారు తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఏ బండీ నడపకూడదని నియమం పెట్టుకోవడం మంచిది.

ఆఫీసులో "ఒంట్లో బాగోలేదు" అనే కన్నా కావలసిందేమిటో చెప్పడం పనిచేస్తుంది: మధ్యాహ్నం ఇరవై నిమిషాల విరామం, ముఖ్యమైన మీటింగులు పొద్దుటి పూట, షిఫ్టు వారం వారం మారకుండా నెలకొకసారి మారడం. ఇంట్లో పెద్దవారికి ఎప్‌వర్త్ పట్టిక ఇచ్చి, వారి మార్కులూ మీ మార్కులూ పక్కపక్కన పెట్టి చూపండి; వివరించి చెప్పే మాటల కన్నా నాలుగూ పదహారూ అన్న అంకెలు అత్తగారికైనా నాన్నగారికైనా తొందరగా అర్థమవుతాయి.

మూడు నెలలకొకసారి మళ్ళీ అదే పట్టిక నింపి తేదీ వేయండి. తరవాతిసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక్క కాగితం తీసుకువెళ్ళండి: మగతా అలసటా ఏది ముందు, ఎప్పటినుంచి, ఎప్‌వర్త్ మార్కులు, రాత్రి సగటు నిద్ర గంటలు, గురక గురించి పక్కవారు చెప్పిన మాట, వాడుతున్న మందులన్నీ, చేయించిన పరీక్షల అంకెలు తేదీలతో సహా. "నార్మల్" అని రాయకండి, అంకె రాయండి; రెండేళ్ళ కిందట 60 ఉన్న ఫెరిటిన్ ఇప్పుడు 18 అయితే, రెండూ ల్యాబు హద్దుల లోపలే ఉన్నా, ఆ రెండు అంకెలు పక్కపక్కన కనబడినప్పుడే డాక్టరు కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెడతారు.